వెయ్యికెంత

అంతర్వేది సముద్రం దగ్గర వ్యాను ఆగింది.
అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగారు.
రొయ్యల వేపుడు వాసన సరుగుడు తోపు దాకా వస్తోంది.
దిబ్బ చూసొస్తానన్నాను.
ఏ దిబ్బని ఎవరూ అడగలేదు,
గంటలో వచ్చెయ్యమన్నారు.

ఆటో అతనికీ తెలీదు.
చెరువు గట్టు మీద మేత బస్తా మోస్తున్న కుర్రాడు
గడ్డం ఎత్తి చూపించాడు.
"ఆ పాటిదిబ్బాండీ? పాములుంటాయండీ."
అతని వెనక ఏరేటర్లు
వెన్న రాని నీళ్లని చిలుకుతూనే ఉన్నాయి.

తుప్పు తిన్న నీలం బోర్డు.
"రక్షిత" అన్న ముక్క మిగిలింది,
ఏమిటో, ఎవర్నుంచో రాలిపోయింది.
ముళ్లకంచె మీద ఎవరిదో లంగా ఆరుతోంది.
జిల్లెళ్ల మార్తమ్మ, గడ్డి పీకే రోజుకూలీ,
కొడవలి పక్కన పెట్టి చెంగుతో మొహం తుడుచుకుంది.
"పైనేం లేదండీ. ఇటికలే."

ఇటుకలే.
నేను బట్టీ పక్క పాకలో పుట్టినవాణ్ని.
మా నాన్న మోకాళ్ల దాకా గోదారి ఒండ్రులో నిలబడి
అచ్చు కొట్టేవాడు. రోజుకి వెయ్యి.
ఎండ బావుంటే ఇంకో వంద, అమ్మ చెయ్యేస్తే.
ఊక కలపని మట్టి మాట మీద నిలబడదనేవాడు.

మూరెడు పొడుగు, జానెడు వెడల్పు.
రెండు చేతులతోగానీ లేవదు ఒక్కోటి.
విరిగిన ముఖం మీద
బియ్యపుగింజ పట్టేటంత సన్నటి దోనెలు, బోలెడు.
ఊక
కాలిపోతూ ఖాళీ చేసి వెళ్లిన ఇళ్లు.
అయితే అప్పుడూ ఇక్కడ వరి పండింది.
ఎవరో దంచారు, ఎవరో చెరిగారు,
చేట అంచు దాటి ఎగిరింది
ఈ మట్టిలో పడి ఉండిపోయింది.

ఇంకోటి చూశాను.
ఏ ఇటుకా సరిగ్గా లేదు.
ఒకదానికి నడుం వంగింది.
ఒకటి మరీ కాలి నల్లగా గాజుకట్టింది.
ఇంకోదాని మూల అచ్చు తీసేటప్పుడే జారినట్టుంది
(మా నాన్నైతే ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు).

"మంచియ్యన్నీ ఎప్పుడో పోయాయండీ.
కాలవ లాకుకి కొన్ని, కరణంగారి అరుగులకి కొన్ని,
మా చర్చి మెట్లకి రెండు బళ్లు.
మా పొయ్యికి మూడు, దాపరికం ఎందుకు."

అంటే
ఎవరి కంటా పడవులే అని
లోపలి వరసల్లో సర్దేసిన వంకర ఇటుకల్ని చూడ్డానికి
నేను ఆటోకి రెండొందలిచ్చి వచ్చాను.
పైన తొడిగిన రాతి పద్మాలు లేవు.
గోడలకి పూసిన సున్నం లేదు.
ఆ మేస్త్రీ ఎవరోగానీ
ఎన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచాడో ఈ రోజు తల్చుకుని:
తొడుగంతా ఊడిపోయి
తన తప్పులు ఇలా ఎండలో నిలబడే రోజు.
ఏం పర్లేదు పెద్దాయనా,
ఇన్నాళ్లూ బరువు మోసింది అవే.

మార్తమ్మ మళ్లీ గడ్డిలో కూర్చుంది.
మూడు నెల్లుగా కూలి పడలేదట.
అడక్కుండానే చెప్పింది,
ఎవరో ఒకరికి చెప్పాలిగా అన్నట్టు.

తిరిగొచ్చేసరికి రొయ్యలు చల్లారాయి.
నా వాటా మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉంచారు.
నాన్నకి ఫోన్ చేశాను.
గాలి. ప్రతిదీ రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.
ఎన్నేళ్లదని అడగలేదు, ఏ దేవుడిదనీ అడగలేదు.

"ఊకా, రంపప్పొట్టా?"
"ఊకే."
"వరసకీ వరసకీ అతుకు తప్పించారా?"
"తప్పించారు."
కాసేపు అటు దగ్గు, ఇటు కెరటం.
"వెయ్యికెంతిచ్చేవారంట?"

బోర్డు మీద లేదు నాన్నా, అన్నాను.

"రాయర్లే," అన్నాడు.